వరి వెనక మినుము మానేశాక యూరియా ఖర్చు పెరిగింది: మొక్క లోపల బతికే బాక్టీరియా సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

మాగాణి రైతు, తెనాలి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె, కాలవ కింద నాలుగెకరాల మాగాణి. నాన్న చేసినన్నాళ్లూ సార్వా వరి, దాని వెనక మినుము, ఇంకో మాట లేదు. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే, కాలు పెడితే మడమ దిగే పదునులో మినుములు చల్లేవాళ్లం. వరి కోసి పనలు తీసేసరికి మోళ్ల మధ్య రెండాకుల మొలకలు కనబడేవి. మినుముకు ఎరువు వేసిన గుర్తే లేదు నాకు.

నా చేతికి వచ్చాక మిషన్ కోత మొదలైంది. మొలిచిన మినుమంతా చక్రాల కింద నలిగిపోయేది. దానికి తోడు రెండేళ్లు వరసగా పల్లాకు తెగులు, ఒక మూల బంగారు తీగ అనే కలుపు, మినుముని చుట్టుకుని పీల్చేసేది. విసుగెత్తి ఆరేళ్ల కిందట మినుము మానేసి, దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టాను. డబ్బు బాగానే వచ్చింది, అది కాదనను. కానీ ఇప్పుడు వరి సంగతి చూస్తే టెన్షన్‌గా ఉంది. ఇదివరకు ఎకరాకు రెండు బస్తాల యూరియాతో గడిచిపోయేది. ఇప్పుడు మూడు వేసినా పైరు పసుపు తిరుగుతోంది. గట్టుకు అవతల మా బాబాయి చేను. ఆయన ఒక్క ఏడు కూడా మినుము మానలేదు, మనుషుల్ని పెట్టి కోయిస్తాడు. అదే కాలవ, అదే 5204 వరి విత్తనం, ఊడ్పులు కూడా అదే వారంలో. ఆయన రెండు బస్తాలే వేశాడు. నిన్న సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే రెండు చేలకీ రంగు తేడా గీత గీసినట్టు కనబడింది. మనసు ఒక రకంగా అయిపోయింది.

పోయినేడు ఒక ఎరువుల షాపులో ఒక సీసా ఇచ్చారు. ఇందులో బాక్టీరియా మొక్క లోపలికి వెళ్లి అక్కడే కాపురం ఉంటుంది, గాలిలో నత్రజని పట్టి ఇస్తుంది, యూరియా సగం మానెయ్యొచ్చు అన్నారు. నమ్మి రెండెకరాలకు కొట్టాను, యూరియా కూడా తగ్గించాను, ఆ రెండెకరాల్లోనే దిగుబడి పడిపోయింది. అందుకే అడుగుతున్నాను. మొక్క లోపల బాక్టీరియా బతకడం అనేది నిజమా, అమ్ముకోవడానికి చెప్పే మాటా? మినుము వేర్లలో ఉండే బాక్టీరియా తరవాత వచ్చే వరికి పనికొస్తుందా, లేక మినుము ఆకు రాలి కుళ్లడం వల్లే బాబాయి చేను అలా ఉందా? మళ్లీ మినుముకు వెళ్తే రైజోబియం, అదే ఆ వేరు బాక్టీరియా, ప్యాకెట్ కొనాలా?


రేపల్లె పెద్దాయన:

అబ్బాయ్, శాస్త్రం సంగతి చదువుకున్నవాళ్లు చెబుతారు గానీ నేను నలభై ఏళ్లుగా మినుము వేస్తున్నవాణ్ని, చూసింది చెబుతా. మినుము నెల దాటాక ఒక మొక్కని పీకొద్దు, పీకితే బాక్టీరియా ఉండే వేరు బుడిపెలన్నీ మట్టిలోనే తెగి ఉండిపోతాయి, ఏమీ లేవనుకుంటాం. చుట్టూ పారతో పెళ్లగించి మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టు. మట్టి తనంతట తను జారిపోతుంది. అప్పుడు వేరుకి ఆవగింజంత, కొన్ని జొన్నగింజంత బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చిదుము. లోపల ఎర్రగా, పచ్చిమాంసం రంగులో ఉంటే అది పని చేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఉన్నా లేనట్టే. మా నాన్న ఈ పని పండగ వెళ్లాక ప్రతి ఏడూ చేసేవాడు, బాక్టీరియా అన్న మాట ఆయనకు తెలియదు, "వేరుకి నెత్తురు పట్టింది" అనేవాడు.

ఇంకో మాట. మినుముని వేళ్లతో సహా పీకి కుప్పేస్తావా, కొడవలితో కోస్తావా అన్నది చూసుకో. మేం కోసేవాళ్లం. వేరు భూమిలోనే ఉండాలి.


బాపట్ల విద్యార్థిని:

అన్నా, నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చేసి, ఇప్పుడు నేల సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నాను. మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఎందుకంటే అచ్చం మీకు వచ్చిన అనుమానమే ఈజిప్టులో నైలు డెల్టా వరి పొలాల్లో శాస్త్రవేత్తలకు వచ్చింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు, మొక్క లోపల బాక్టీరియా ఉండడం నూటికి నూరుపాళ్లు నిజం. అయితే రెండు రకాల కాపురాలు ఉన్నాయి, షాపుల్లో ఈ రెండూ కలిపేసి చెబుతారు. మొదటిది మినుము, పెసర, కంది, వేరుశనగ లాంటి పప్పుజాతి మొక్కల్లో జరిగేది. వేరు కొన్ని పదార్థాలు మట్టిలోకి వదులుతుంది, వాటిని గుర్తుపట్టి రైజోబియం దగ్గరకు వస్తుంది, అది తిరిగి తన గుర్తు పంపుతుంది. ఆ గుర్తు అందగానే వేరు మీది సన్నటి నూగు కొడవలి కొనలా వంగి బాక్టీరియాని చుట్టేసుకుంటుంది. అక్కడి నుంచి సన్నటి దారి ఒకటి లోపలికి ఏర్పడి, చివర బుడిపె కడుతుంది. వేరుశనగలో అయితే ఈ నూగు దారి కూడా కాదు, పక్కవేరు పొడుచుకు వచ్చేటప్పుడు పడే పగులులోంచి దూరిపోతుంది. బుడిపె లోపల బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క తినగలిగే రూపంలోకి మారుస్తుంది, మొక్క దానికి చక్కెరలు పెడుతుంది. ఈ పని చేసే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే మొక్క లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం తయారుచేసి ఆక్సిజన్‌ని అదుపులో పెడుతుంది. అది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి చుట్టమే. పెద్దాయన గారి నాన్నగారు "నెత్తురు పట్టింది" అన్నారే, ఆ మాట చదివి నాకు ఒళ్లు పులకరించింది. బుడిపెలోంచి ఈ బాక్టీరియాని మొదట వేరు చేసింది 1888లో, బైయరింక్ అనే డచ్చి శాస్త్రవేత్త.

రెండో రకం కాపురంలో బుడిపెలేవీ ఉండవు. వరి, గోధుమ, చెరకు, మొక్కజొన్న, ఏ మొక్క తీసుకున్నా వేర్ల లోపల, కాండం లోపల కణాల సందుల్లో బాక్టీరియా ఉంటుంది, మొక్కకు రోగం తేదు. వీటిని ఎండోఫైట్లు అంటారు. ఇవి కూడా ఎక్కువగా పక్కవేర్ల పగుళ్లలోంచే లోపలికి పోతాయి.

ఇప్పుడు ఈజిప్టు సంగతి. నైలు డెల్టాలో 700 ఏళ్లకు పైగా వరి తరవాత బర్సీమ్ అనే పశుగ్రాసం వేస్తున్నారు. మన పిల్లిపెసరలా అదీ పప్పుజాతిదే. బర్సీమ్ వెనక వేసిన వరికి, సిఫారసు చేసిన నత్రజనిలో 25 నుంచి 33 శాతం దాకా తగ్గించినా సరిపోతోందని అక్కడివాళ్లకు తెలుసు. కానీ బర్సీమ్ మోళ్లు కుళ్లి వచ్చే నత్రజని లెక్క వేస్తే ఈ లాభమంతా దాంతోనే వచ్చిందని చెప్పడం కుదరలేదు. మీరడిగిన ఆకు కుళ్లడం ప్రశ్న ఇదే. ఈజిప్టు శాస్త్రవేత్త యూసఫ్ యాన్ని, అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఫ్రాంక్ డాజో, వాళ్ల బృందం కలిసి ఆ పొలాల్లో వరి వేర్లు తీశారు. పైన అంటుకున్న క్రిములన్నీ చచ్చేలా మందుతో కడిగి, లోపలి భాగాన్ని నూరి పెంచి చూస్తే బర్సీమ్ బుడిపెల్లో ఉండే రైజోబియమే వరి వేరు లోపల దొరికింది! దాన్ని తీసి మళ్లీ బర్సీమ్‌కి పెడితే శుభ్రంగా బుడిపెలు కట్టింది. వరికి పెడితే బుడిపె కట్టలేదు గానీ, వేరు బాగా విస్తరించింది, పొలంలో కొన్ని చోట్ల గింజ దిగుబడి కూడా పెరిగింది. ఇది 1997లో ప్రచురించారు. అంటే ఒక పంట వేసిన కాలంలో బుడిపెలో ఉన్న బాక్టీరియా, తరవాతి పంట కాలంలో నీళ్లు నిలిచిన పొలంలో వరి వేరు లోపల తలదాచుకుని, మళ్లీ బర్సీమ్ వచ్చేదాకా బతుకుతోంది. పంట మార్పిడి అంటే పైన మొక్కలు మారడమే అనుకుంటాం, కింద అదే కాపురం ఇల్లు మారుతోంది.

అయితే ఇక్కడ జాగ్రత్తగా చదవండి అన్నా. వరి లోపల ఉన్న ఆ రైజోబియం వరికి గాలిలోంచి నత్రజని పట్టి పెట్టడం వల్ల ఈ లాభం వచ్చిందని వాళ్లు చెప్పలేదు. అది ఆక్సిన్ లాంటి హార్మోన్లు ఇచ్చి వేరుని పెంచుతుంది, పెరిగిన వేరు మట్టిలో ఉన్నదాన్ని ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. అంటే మట్టిలో ఉండాలి కదా! మీ సీసా ఎందుకు పని చెయ్యలేదో నాకు ఇక్కడే అర్థమైంది. యూరియా తగ్గించారు, మట్టిలో నిల్వ లేదు, వేరు పెరిగినా తీసుకోవడానికి ఏముంది?

ఇక మీ చేను, బాబాయి గారి చేను లెక్క. మినుములో మాంసకృత్తులు సుమారు 24 శాతం, దాన్ని 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది. ఎకరాకు 5 క్వింటాళ్లు పండితే ఆ గింజలతో పాటు 19 కిలోల నత్రజని పొలం దాటి వెళ్లిపోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే దాదాపు ఒక బస్తా యూరియా మినపగింజల రూపంలో బయటకు వెళ్లింది. కానీ బుడిపెలు బాగుంటే అందులో ఎక్కువ భాగం గాలిలోంచి తెచ్చుకున్నదే, మీ మట్టిలోంచి తీసింది తక్కువ. రాలిన ఆకు, వేర్లు కొంత తిరిగి ఇస్తాయి. అదే మొక్కజొన్న ఎకరాకు 40 క్వింటాళ్లు తీశారనుకోండి, గింజతోనే 55 నుంచి 60 కిలోల నత్రజని పోతుంది. ఇంచుమించు మూడు బస్తాలు. మీరు వేసిన యూరియాలో కొంత గాలికీ నీళ్లకీ పోతుంది, చాలనిదంతా మొక్కజొన్న మట్టి నుంచి లాగుతుంది. ఆరేళ్లు. కాబట్టి గట్టుకు అవతలి రంగులో మినుము ఇచ్చిన వాటా కొంతే, మీవైపు మొక్కజొన్న తీసుకుపోయిన వాటా ఎక్కువ అని నా నమ్మకం.


అనకాపల్లి చెరకు రైతు:

చెల్లెమ్మ చెప్పిన రెండో రకం కాపురం గురించి చెరకు తోటలవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. బ్రెజిల్‌లో చెరకు లోపల నత్రజని పట్టే బాక్టీరియా ఒకటి ఉందని 1988లో కావల్కాంటి, జొహన్నా డోబరైనర్ బయటపెట్టారు. ఇప్పుడు దాన్ని గ్లూకనాసిటోబాక్టర్ అంటున్నారు, మాకు ప్యాకెట్లలో, సీసాల్లో కూడా దొరుకుతుంది. డోబరైనర్ గారు బ్రెజిల్‌లో దశాబ్దాల తరబడి ఈ బాక్టీరియాల మీదే పని చేసి, అక్కడ సోయాచిక్కుడు యూరియా లేకుండా పండించేలా దారి వేసినవారు.

ఈ బాక్టీరియా మట్టిలో విడిగా ఎక్కువ రోజులు బతకదు. ముచ్చెలోనే, అంటే నాటే చెరకు ముక్కలోనే ఉండి, ఆ ముచ్చెతో పాటు కొత్త తోటలోకి వస్తుంది. అంటే విత్తనపు ముచ్చె ఎక్కడి నుంచి తెచ్చామన్నదే లెక్క. విపరీతంగా యూరియా పోసిన తోటలో ఇది తగ్గిపోతుందని మా దగ్గరకు వచ్చిన శాస్త్రవేత్త చెప్పారు. మేం తోటకు తోట విత్తనం మార్చేటప్పుడు రోగం లేని తోట చూస్తాం గానీ దానికి ఎంత యూరియా పడిందో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. కార్శి (నరికిన మోడు నుంచి మళ్లీ వచ్చే పంట) రెండో ఏడు దాటాక తోట తీసేసి ఒక పంట జనుమో పెసరో వేసి కలియదున్నడం కూడా మా వైపు పాత అలవాటే, అది తగ్గిపోయింది, మళ్లీ రావాలి.


బోథ్ సోయా:

అన్నా, ప్యాకెట్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే మాకు ప్యాకెట్టే బతికించింది. మాది ఆదిలాబాద్ జిల్లా. పత్తి ఒకటే వేసే చేనులో మొదటిసారి సోయాచిక్కుడు వేశాం. మొక్కలు మోకాలి ఎత్తు వచ్చి పసుపు తిరిగినయి. తవ్వి చూస్తే వేరు నున్నగ దారంలెక్క ఉంది, ఒక్క బుడిపె లేదు. సోయాకు దాని సొంత బాక్టీరియా కావాలి, మన మట్టిలో ఉండే మినుము, పెసర, కంది బాక్టీరియా దానికి సరిగ్గా పట్టదు అని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు విత్తనానికి సోయా కోసం చేసిన రైజోబియం పట్టించి వేస్తే బుడిపెలు వచ్చినయి, యూరియా మాట మర్చిపోయాం. మూడో ఏడు ప్యాకెట్ లేకుండా వేసినా వచ్చినయి, ఎందుకంటే అప్పటికే మట్టిలో స్థిరపడ్డది.

కాబట్టి ప్యాకెట్లు అన్నీ మోసం అనకండి. ఏ పంటకు, ఏ మట్టిలో, ముందు ఆ పంట పండిందా లేదా అన్నది చూడాలి. ఇంకొకటి, షాపులో రేకుల కింద ఎండలో పెట్టిన ప్యాకెట్ తెచ్చుకోవద్దు. లోపల ఉన్నవి ప్రాణం ఉన్నవి.


మాగాణి రైతు, తెనాలి:

అందరికీ చేతులెత్తి దండం. అమ్మా, నీ లెక్క మూడుసార్లు చదివాను. బస్తాల లెక్కలో చెప్పేసరికి గుండెల్లో కలుక్కుమంది, ఆరేళ్లలో ఎన్ని బస్తాలు పొలం దాటి వెళ్లాయో రాత్రి కాగితం మీద వేసుకున్నాను. అయితే ఒక అనుమానం. ఆరేళ్లుగా మినుము లేదు కదా, నా మట్టిలో ఆ బాక్టీరియా ఇంకా బతికి ఉంటుందా? సోయా అన్నయ్య చెప్పినట్టు నాదీ కొత్త భూమి కింద లెక్కా? రెండోది, మిషన్ కోత తప్పదు, మనుషులు దొరకడం లేదు. మరి చల్లిన మినుము మాటేమిటి?


బాపట్ల విద్యార్థిని:

అన్నా, మీ భూమి కొత్త భూమి కాదు. మినుము, పెసర, అలసంద, కంది, వేరుశనగ అన్నింటికీ చాలావరకు ఒకే గుంపు బాక్టీరియా పట్టుతుంది. మినుము లేకపోయినా గట్ల మీద పెరిగే వెంపలి, పిల్లిపెసర దాన్ని నిలబెడతాయి. నీళ్లు నిలిచిన కాలంలో సంఖ్య తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. నా మాట నమ్మక్కర్లేదు, చూసి తెలుసుకునే దారి చాలా తేలిక. మీ చేలోంచి మట్టి ఒక కుండీలోకి, బాబాయి గారి చేలోంచి ఇంకో కుండీలోకి తీసుకోండి. మళ్లీ మీ మట్టే మూడో కుండీలో పోసి దానికి మాత్రం రైజోబియం పట్టించిన గింజలు పెట్టండి. ఒక్కోదాంట్లో పది మినపగింజలు. యూరియా వద్దు. నెల దాటాక పెద్దాయన చెప్పినట్టు నీళ్లలో నానబెట్టి లెక్కపెట్టండి. ప్యాకెట్ కొనాలా వద్దా అన్నది మీ మట్టే చెబుతుంది.

గింజలకు పట్టించేటప్పుడు కొంచెం బెల్లం నీళ్లు కాచి పూర్తిగా చల్లార్చండి, వేడి మీద పొడి కలిపితే చచ్చిపోతుంది. గింజలకు పట్టించి గోనెసంచి మీద నీడలో ఆరబెట్టి అదే రోజు వేసేయండి. విత్తనశుద్ధి మందులు ఉంటే ముందు అవి పట్టించి ఆరాక, ఈ జీవన ఎరువు ఆఖర్న.

సీసా గురించి కూడా ఒక మాట. వరికి ఎండోఫైట్ మందులన్నీ వృథా అని నేను అనను, కొన్నిటి మీద మంచి పరిశోధనలు జరుగుతున్నాయి. అవి వేసి యూరియా సగం మానెయ్యమన్న మాట మాత్రం నమ్మొద్దు. వాడాలనిపిస్తే మీ మామూలు ఎరువు వేస్తూనే ఒక మడికి కొట్టి, పక్క మడి వదిలేసి, రెండూ విడివిడిగా నూర్చి తూకం వేసుకోండి. తూకంలో తేలితేనే మళ్లీ కొనండి.


రేపల్లె పెద్దాయన:

మిషన్ కోతకు మా ఊళ్లో కుర్రాళ్లు ఒక దారి పట్టారు. ముందు చల్లడం మానేసి, మిషన్ వెళ్లిన మర్నాడో మూడో నాడో, పదును ఆరకముందే దున్నకుండా ట్రాక్టర్ సీడ్ డ్రిల్‌తో వేస్తున్నారు. గడ్డి ముందు తీసెయ్యాలి, లేకపోతే పళ్లకు చుట్టుకుంటుంది. మొలక చల్లినదాని కంటే వరసగా వస్తుంది, విత్తనమూ తక్కువ పడుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం నేల బిగిసిపోయి ఏమీ దిగదు, ఆ రెండు మూడు రోజులు అటూ ఇటూ కదలకుండా పొలంలోనే ఉండాలి.

పల్లాకు తెగులుకి పాత మినుము రకం ఎల్‌బీజీ 752 పట్టుకుని ఉండకు. టీబీజీ 104, ఎల్‌బీజీ 787 తట్టుకుంటున్నాయి. బంగారు తీగ గింజ మినపగింజ కంటే చిన్నది, సన్న కన్నాల జల్లెడ పట్టి మరీ వెయ్యి. సొంత విత్తనమైనా సరే.


మాగాణి రైతు, తెనాలి:

నలభై రోజుల తరవాత రాస్తున్నాను. కుండీలు మూడూ నిన్న పొద్దున విప్పాం. మా అమ్మాయి, బాబాయి, నేను, ముగ్గురం అరుగు మీద కూర్చుని బకెట్లలో నానబెట్టాం. తొందరపడి ఒక మొక్కని కదిలించబోతే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు, మట్టి పూర్తిగా జారేదాకా ఆగాం.

బాబాయి మట్టిలో మొలిచింది తొమ్మిది మొక్కలు. మొదటి మొక్కకి తల్లివేరు చుట్టూ, పైభాగంలోనే, బుడిపెలు గుత్తిగా ఉన్నాయి. లెక్కపెడితే 31. మిగతావాటికి 20కి తగ్గలేదు. నా మట్టిలో మొలిచింది ఎనిమిది. బుడిపెలు ఉన్నాయి! ఆరేళ్ల తరవాత కూడా ఉన్నాయి. కానీ ఒక్కో మొక్కకి 10, 12, ఒకదానికి 7. అవి కూడా తల్లివేరు మీద కాదు, కింద పక్కవేర్ల మీద చెదురుగా. ప్యాకెట్ పట్టించిన కుండీలో 18 నుంచి 24 దాకా వచ్చాయి, బాబాయి మట్టికి దగ్గర దగ్గరగా. అంటే నాకు ఈ ఏడు ప్యాకెట్ అవసరమే అనిపించింది, కుండీలో చూసింది పొలంలో అలాగే ఉంటుందని కాదు గానీ, ఎకరం విత్తనానికి అయ్యే ఆ కొద్ది ఖర్చుకి ఆలోచించాల్సిన పని లేదు.

మా అమ్మాయి షేవింగ్ బ్లేడుతో ఒక్కోదాన్ని రెండుగా కోసి తెల్ల కాగితం మీద పెట్టింది. మూడు కుండీల్లోవీ ఎర్రగానే ఉన్నాయి. కాగితం మీద సన్నటి ఎర్ర మరకలు పడ్డాయి. బాబాయి కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. యాభై ఏళ్లుగా మినుము వేస్తున్నాడు, కోసి చూడడం ఇదే మొదటిసారట.

నాలుగెకరాల్లో ఈసారి రెండు మినుముకి పెడుతున్నాను, 787 విత్తనం తెచ్చాను, సీడ్ డ్రిల్‌కి చెప్పాను. మిగతా రెండూ మొక్కజొన్నే, అప్పు తీరేదాకా అది ఒక్కసారిగా మానలేను, కానీ చొప్ప తగలబెట్టకుండా ముక్కలు చేసి పొలంలోనే వదులుతాను, వచ్చే ఏడు వాటిని మార్చి వేస్తాను. వరికి యూరియా రెండు పొలాలకూ ఒకేలా వేసి రంగు, తూకం రెండూ చూస్తాను. పెద్దాయన గారూ, మిషన్ వెళ్లాక మీవాళ్లు గడ్డి ఎలా తీయిస్తున్నారు, మనుషులతోనా, గడ్డి కట్టలు కట్టే బేలర్‌తోనా? మా చేను వచ్చే వారం కోతకు వస్తుంది, త్వరగా చెబితే మేలు.


రేపల్లె పెద్దాయన:

బేలర్‌తోనే. మా ఊరి కుర్రాడి నంబర్ నీకు విడిగా పంపుతా, కోత రోజు ఖాయం కాగానే అతనికి చెప్పి పెట్టుకో, ఆఖరి నిమిషంలో దొరకడు. కోత మర్నాడు బేలర్, ఆ సాయంత్రమే డ్రిల్ అయ్యేలా చూసుకో.